మూసినప్పుడు ఆ కాగితం ఎక్కడికి పోతుంది? పాప్-అప్ కార్డుల వెనకున్న లెక్క

అరనిమిషం వీడియోలో అంతా తేలిగ్గానే కనిపిస్తుంది. కార్డు తెరవగానే పువ్వు విచ్చుకుంటుంది, పక్షి ముక్కు ఆడిస్తుంది, పక్కనున్న కాగితపు పట్టీ లాగితే పడవ ఊగుతుంది. చూసినవాళ్లు ఉత్సాహంగా కత్తెర, జిగురు తీసుకుని కూర్చుంటారు. గంటో రెండు గంటలో కష్టపడ్డాక కార్డు తయారవుతుంది. తెరిస్తే బొమ్మ చక్కగా నిలబడుతుంది కానీ కార్డు మూసుకోదు. బలవంతంగా మూస్తే బొమ్మ అంచు బయటికి పొడుచుకొస్తుంది, లేదంటే నలిగిపోతుంది.

ఇది చేతి నైపుణ్యం తక్కువై జరిగే తప్పు కాదు. కార్డును తెరిచి ఉన్న రూపంలో ఊహించుకుని గీయడం వల్ల వచ్చే చిక్కు. పాప్-అప్ కార్డు ఎక్కువ కాలం గడిపేది మూసిన స్థితిలోనే. కవరులోనో, పుస్తకాల మధ్యనో, డ్రాయరులోనో పడి ఉంటుంది. అందులోని ప్రతి ముక్కా అప్పుడు ఎక్కడ, ఏ వైపు వాలి పడుకుంటుందో తెలిస్తేనే తెరిచినప్పుడు ఎలా లేస్తుందో అర్థమవుతుంది. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

లేచే కార్డు, కదిలే కార్డు ఒకటి కావు

రెండింటినీ కలిపి పాప్-అప్ అనేయడం అలవాటైంది. పనితీరు చూస్తే మాత్రం తేడా ఉంది. పాప్-అప్ అంటే కార్డు తెరవడం వల్ల దానంతటదే పైకి లేచే కాగితం. కదిలే కార్డు అంటే తెరిచాక చూసేవాళ్లు పట్టీ లాగితేనో, చక్రం తిప్పితేనో, రెక్క ఎత్తితేనో పనిచేసేది. మొదటిదానికి శక్తి తెరుచుకునే పేజీల నుంచి వస్తుంది, రెండోదానికి వేలి నుంచి. మూడో రకం కూడా ఉంది. మెలితిప్పిన దారం, జిగ్‌జాగ్‌గా మడిచిన కాగితపు స్ప్రింగ్ లాంటివి ముందే దాచిపెట్టుకున్న బిగువును కార్డు తెరవగానే వదులుతాయి.

కదిలే కాగితం చాలా పాతది. 13వ శతాబ్దంలో మజోర్కా ద్వీపానికి చెందిన తత్త్వవేత్త రామోన్ లుల్ తన రచనల్లో తిరిగే వృత్తాలు వాడాడు. 1540లో పెట్రస్ అపియానస్ ప్రచురించిన ఖగోళ గ్రంథంలో గ్రహాల స్థానాలు లెక్కకట్టడానికి ఒకదాని మీద ఒకటి తిరిగే కాగితపు చక్రాలున్నాయి. 1570లో లండన్‌లో అచ్చయిన యూక్లిడ్ రేఖాగణితం ఇంగ్లిష్ అనువాదంలో, పేజీకి అంటించిన కాగితపు రెక్కలు ఎత్తితే ఘనాకృతులు నిలబడేవి. అంటే ఇవి మొదట పిల్లల ఆటవస్తువులు కావు, పెద్దల చదువుకు పనిముట్లు. ‘పాప్-అప్’ అనే పేరు మాత్రం కొత్తది. 1930లలో న్యూయార్క్‌లోని బ్లూ రిబ్బన్ అనే ప్రచురణ సంస్థ తన పిల్లల పుస్తకాలకు వాడాక అది జనంలోకి వచ్చింది.

తొంభై డిగ్రీల కార్డు, నూట ఎనభై డిగ్రీల కార్డు

నమూనాలు వెతికేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేవి ఈ రెండు అంకెలే. బొమ్మ పూర్తిగా నిలబడాలంటే కార్డును ఎంత తెరవాలో అవి చెబుతాయి. తొంభై డిగ్రీల కార్డులో ఒక పేజీ నేలలా పడుకుని, రెండోది గోడలా నిలబడ్డప్పుడు బొమ్మ సరిగ్గా కనిపిస్తుంది. ఇంకా తెరుస్తూ పోతే అది మెల్లగా అణిగి, నూట ఎనభై దగ్గర మళ్లీ చదునైపోతుంది. నూట ఎనభై డిగ్రీల కార్డులో పుస్తకంలా రెండు పేజీలూ బల్లమీద పరిచినప్పుడే బొమ్మ పూర్తిగా లేస్తుంది.

ఒక రకం కోసం గీసిన ముక్కను రెండో రకం కార్డులో అంటిస్తే జిగురు ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

పెట్టె మడత: ఒక చిన్న లెక్కతో మొత్తం తేలిపోతుంది

తొంభై డిగ్రీల కార్డులో అన్నిటికన్నా సులువైనది పెట్టె మడత. మడిచిన కాగితం మీద, మడత వైపు నుంచి రెండు సమాంతర గాట్లు పెట్టి, వాటి మధ్య పట్టీని లోపలికి తోస్తే చిన్న మెట్టు ఏర్పడుతుంది. పక్కనుంచి చూస్తే నాలుగు భుజాలు కనిపిస్తాయి: నేలలో కొంత, గోడలో కొంత, మెట్టు పైభాగం, మెట్టు ముందుభాగం. ఇది సమాంతర చతుర్భుజం, అంటే ఎదురెదురు భుజాలు సమానం. మెట్టు పైభాగం పొడవు నేల మీది దూరంతో సమానం, ముందుభాగం ఎత్తు గోడ మీది ఎత్తుతో సమానం. బడిలో నేర్చుకున్న ఈ ఒక్క ధర్మమే కార్డును మూసుకోనిస్తుంది.

అంకెల్లో చూద్దాం. పేజీ వెడల్పు, అంటే నడిమి మడత నుంచి బయటి అంచు దాకా, 12 సెం.మీ. మెట్టు నేల మీద మడత నుంచి 4 సెం.మీ. ముందుకు రావాలి, గోడ మీద 6 సెం.మీ. ఎత్తు ఉండాలి. కార్డు మూయగానే గోడ వచ్చి నేల మీద పడుకుంటుంది. మెట్టు ముందుభాగం నేల మీద 4 దగ్గర మొదలై, ఇంకో 6 ముందుకు పోతుంది. మొత్తం 10. పేజీ 12 కాబట్టి 2 సెం.మీ. మిగిలింది, కార్డు మూసుకుంటుంది. అదే మెట్టును 6 ముందుకు, 8 ఎత్తుకు పెంచితే 14 అవుతుంది. అంటే మూసినప్పుడు 2 సెం.మీ. బయటికి వస్తుంది. తెరిచినప్పుడు రెండు మెట్లూ అంతే అందంగా ఉంటాయి, తేడా మూసినప్పుడే బయటపడుతుంది.

మెట్టు ముందుభాగానికి ఒక ఇంటి బొమ్మో, చెట్టో అంటించి, అది మెట్టు కన్నా 3 సెం.మీ. పైకి ఉండేలా పెట్టారనుకోండి. ఆ మూడు కూడా కూడాలి. 4, 6, 3 కలిపితే 13. పేజీ దాటిపోయింది. చాలామంది కార్డులు చెడేది సరిగ్గా ఇక్కడే. గాట్ల కొలత సరిగ్గానే ఉంటుంది, తర్వాత ముచ్చటపడి అంటించిన బొమ్మను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇంకో చిన్న విషయం. పై ఉదాహరణలో కొత్త మడత గీత ఎక్కడ పడుతుంది? గోడ మీద 6 సెం.మీ. ఎత్తులో పట్టీ మొదలవుతుంది, మెట్టు పైభాగం 4 సెం.మీ. కాబట్టి మడత నడిమి గీతకు 2 సెం.మీ. పైన పడాలి. ఆరులోంచి నాలుగు తీసివేసినంత. రెండు కొలతలూ సమానమైతే తేడా సున్నా, కొత్త మడత పాత మడత మీదే వస్తుంది. చిన్నపిల్లలతో మొదట చేయించే కార్డుల్లో గాట్లు మడతకు రెండు వైపులా సమానంగా ఉండటానికి కారణం ఇదే. వాళ్లు కొత్త గీత గీయనక్కర్లేదు, ఉన్న మడతను అటు నుంచి ఇటు తిప్పితే చాలు.

వి మడత: నిలబడటంలోనే కదలిక ఉంది

నూట ఎనభై డిగ్రీల కార్డులకు ఆధారం వి మడత. ఒక ముక్కను నిలువుగా మధ్యకు మడుస్తారు. దాని అడుగున ఉన్న రెండు పట్టీలను చెరొక పేజీ మీద, నడిమి మడతకు ఏటవాలుగా అంటిస్తారు. పైనుంచి చూస్తే అంటించిన గీతలు ఇంగ్లిష్ వి అక్షరంలా ఉంటాయి. వి మొన నడిమి మడత మీదే ఉండాలి, రెండు గీతలూ ఆ మడతతో చేసే కోణాలు సమానంగా ఉండాలి. ఒకటి రెండు డిగ్రీలు తేడా వచ్చినా ముక్క ఒక పక్కకి మెలితిరుగుతుంది.

ఇందులో రెండు కోణాలున్నాయి, వాటిని కలగాపులగం చేసుకోకూడదు. మొదటిది పేజీ మీద గీతకూ నడిమి మడతకూ మధ్య కోణం. రెండోది ముక్కలోనే, దాని అడుగు అంచుకూ నిలువు మడతకూ మధ్య కోణం. రెండోది సరిగ్గా 90 అయితే, కార్డు పూర్తిగా తెరిచినప్పుడు బొమ్మ నిటారుగా నిలబడుతుంది, మొదటి కోణం 30 అయినా 45 అయినా సరే. రెండోది 90 కన్నా ఎక్కువైతే బొమ్మ వి మొన వైపు వాలుతుంది, తక్కువైతే వి లోపలి వైపు వాలుతుంది. పైగా రెండో కోణం మొదటి కోణం కన్నా పెద్దదిగా ఉండాలి. లేకపోతే కాగితం ముందే బిగుసుకుపోయి, కార్డు చివరిదాకా తెరుచుకోదు.

మరి మొదటి కోణం ఎందుకు? కదలిక కోసం. కార్డు మూసి ఉన్నప్పుడు బొమ్మ నిలువు మడత ఆ కోణమంత వెనక్కి, మొన వైపు వాలి పడుకుని ఉంటుంది. పేజీ మీది కోణం 30 అయితే తెరిచేటప్పుడు అది 30 డిగ్రీలు తిరిగి లేస్తుంది, 45 అయితే 45 డిగ్రీలు. అంటే కోణం పెద్దదయ్యే కొద్దీ బొమ్మ పెద్ద ఊపుతో పైకి వస్తుంది. కానీ 90కి దగ్గరైతే పూర్తిగా తెరిచినప్పుడు ముక్క దాదాపు చదునుగా లాగబడి, నిలకడ పోతుంది. ఎటు వాలాలో కాగితానికే తెలియదు.

ఇప్పుడు మూసిన స్థితి లెక్క. 10 సెం.మీ. ఎత్తున్న బొమ్మ, అడుగు కోణం 90, పేజీ మీద కోణం 45 అనుకుందాం. మూసినప్పుడు దాని కొన నడిమి మడత నుంచి దాదాపు 7 సెం.మీ. దూరంలో, వి మొన నుంచి మొన వైపుగా ఇంకో 7 సెం.మీ. జరిగి ఉంటుంది. కాబట్టి మొన వెనక కనీసం 7 సెం.మీ. పేజీ ఉండాలి. వి మొనను కార్డు అంచుకి 3 సెం.మీ. దగ్గర పెడితే పేజీ ఎంత వెడల్పున్నా కొన బయటికి వస్తుంది. ఇక్కడ వెడల్పు మాత్రమే చూస్తే సరిపోదు, అడ్డంగా నిలువుగా రెండు దిక్కులా చూడాలి.

వి మడతలో నాకు ఎప్పటికీ ఆశ్చర్యం తీరని గుణం ఒకటుంది. ఆ ముక్కలో ఉన్న నిలువు మడత కూడా ఒక నడిమి మడత లాంటిదే. కార్డు తెరిచేటప్పుడు దాని కోణం మారుతుంది కాబట్టి, దాని మీద ఇంకో చిన్న వి మడత కూర్చోబెట్టవచ్చు. దాని మీద మరొకటి. చెట్టు మీద కొమ్మ, కొమ్మ మీద పక్షి, పక్షికి రెక్కలు. ప్రతిదానికీ వేరే యంత్రం అక్కర్లేదు, ఒకే కదలిక మెట్టు మెట్టుగా పైకి పాకుతుంది. పక్షి ముక్కు కూడా ఈ కుటుంబంలోదే. మడతకు అడ్డంగా ఒక గాటు పెట్టి, దానికి రెండు వైపులా త్రికోణాలుగా మడిచి ముందుకు తోస్తే, కార్డు కదిపినప్పుడల్లా పెదవుల్లా విచ్చుకుని మూసుకుంటుంది.

పట్టీ లాగితే ఊగే బొమ్మ: మీట పనితీరు

వేలితో లాగే కార్డుల్లో ముఖ్యమైనవి మూడు: గాడిలో జారే పట్టీ, ఇరుసు మీద తిరిగే మీట, కిటికీ వెనక తిరిగే చక్రం. జారే పట్టీకి పెద్ద వివరణ అవసరం లేదు. గాడి పట్టీ కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు వెడల్పుగా ఉండటం, చివర ఊడిరాకుండా ఆపు ఉండటం, అంతే. చక్రం కూడా అంతే సూటిగా ఉంటుంది. ఆరు బొమ్మలుంటే ఒక్కొక్కదానికి 60 డిగ్రీలు వస్తాయి, కిటికీ అంతకన్నా వెడల్పయితే పక్క బొమ్మ తొంగిచూస్తుంది.

ఎక్కువ తంటా మీటతోనే. ఊగే చెయ్యి ఉన్న బొమ్మ తీసుకుందాం. భుజం దగ్గర ఇరుసు. ఇరుసుకి కింద 2 సెం.మీ. దూరంలో పట్టీ తగిలించి ఉంది, పైన చెయ్యి పొడవు 8 సెం.మీ. పట్టీని 2 సెం.మీ. జరిపితే మీట మధ్యస్థానం నుంచి అటు 30, ఇటు 30 డిగ్రీలు ఊగుతుంది. అప్పుడు చేతి కొన 8 సెం.మీ. కదులుతుంది. నాలుగు రెట్లు. చిన్న లాగుడుకి పెద్ద కదలిక రావడం చూడటానికి ఎంతో బాగుంటుంది, కానీ అది ఊరికే రాదు. చేతి కొన దగ్గర కాగితం ఎక్కడైనా కొంచెం రాసుకుంటే, ఆ రాపిడి పట్టీ దగ్గర నాలుగు రెట్లు బరువుగా తెలుస్తుంది.

పట్టీలు ఇరుక్కుపోవడానికి ఇంకో కారణం ఉంది, అది బయటికి కనిపించదు. మనం పట్టీని తిన్నగా లాగుతాం. కానీ మీటకు తగిలించిన చోటు తిన్నగా పోదు, ఇరుసు చుట్టూ వంపుగా పోతుంది. పై ఉదాహరణలో ఆ వంపు దాదాపు 3 మిల్లీమీటర్లు. పట్టీ గాడి బిగుతుగా ఉంటే ఆ 3 మిల్లీమీటర్లు పక్కకి జరగడానికి చోటుండదు, పట్టీ వంగి బిగుస్తుంది. కొందరు ఇది చూసి గాడిని ఇంకా గట్టిగా, ఇంకా సరిగ్గా చేయబోతారు. దాంతో పరిస్థితి మరింత పాడవుతుంది. మీట దగ్గరున్న చివర కాస్త వదులు ఉంచడమే దీనికి విరుగుడు.

ఇరుసు దేనితో చేయాలనే దాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. చిన్న ఇత్తడి పిన్నులు వాడేవాళ్లు అవి గట్టిగా ఉంటాయనీ, వెయ్యిసార్లు తిప్పినా తెగవనీ అంటారు. నిజమే. కానీ కార్డు మూసినప్పుడు పిన్ను తల ఎదురు పేజీ మీద గుండ్రటి అచ్చు వేస్తుంది, కవరులో ఉబ్బుగా తెలుస్తుంది. రెండో పద్ధతి కాగితపు ఇరుసు. రెండు రెక్కలున్న చిన్న కాగితపు బిళ్లను మడిచి రంధ్రంలోంచి దూర్చి, అవతల రెక్కలు విప్పి కదిలే ముక్కకు మాత్రమే అంటిస్తారు. చదునుగా ఉంటుంది, అయితే జిగురు చుక్క పక్కకి పాకితే అక్కడితో కదలిక ఆగిపోతుంది. 19వ శతాబ్దం చివర్లో మ్యూనిక్‌లో లోథర్ మెగెండోర్ఫర్ (1847–1925) మూడో దారి పట్టాడు. సన్నటి రాగి తీగను చిన్న చుట్టలా చుట్టి ఇరుసుగా వాడి, ఒక్క పట్టీ లాగుడుతో బొమ్మ తల, చేతులు, కళ్లు అన్నీ ఒకేసారి కదిలేలా చేశాడు. కవరులో పంపే కార్డుకైతే నా మొగ్గు కాగితపు ఇరుసు వైపే.

తెరవడమే లాగడమైతే

ఎవరూ పట్టీ ముట్టుకోకుండానే కార్డు తెరిచేటప్పుడు చక్రం తిరిగే కార్డులుంటాయి. వాటి రహస్యం దూరాల్లో ఉంది. ఎడమ పేజీ మీద మడత నుంచి 3 సెం.మీ. దూరంలో ఒక పట్టీ అంటించి, దాని రెండో చివరను కుడి పేజీ మీద మడత నుంచి 2 సెం.మీ. దూరంలో ఉన్న గాటులోకి దూర్చారనుకోండి. కార్డు మూసినప్పుడు ఆ రెండు చోట్ల మధ్య దూరం 1 సెం.మీ. మాత్రమే. పూర్తిగా తెరిస్తే 5 సెం.మీ. అంటే గాటులోంచి 4 సెం.మీ. పట్టీ బయటికి లాగబడింది. రెండు దూరాల్లో చిన్నదానికి రెట్టింపు లాగుడు వస్తుందన్నమాట. ఆ నాలుగు సెంటీమీటర్లతో వెనకున్న మీటను ఊపవచ్చు, చక్రాన్ని తిప్పవచ్చు.

మూసేటప్పుడు ఆ పట్టీ తిరిగి లోపలికి పోవాలి. లాగడం కాగితానికి సులువు, తోయడం కష్టం. సన్నటి కాగితమైతే పోవలసిన చోటికి పోక మధ్యలో ఉబ్బి మడత పడుతుంది. అందుకే ఈ పట్టీలు దళసరి కాగితంతో ఉంటాయి, పొడవునా గాడిలోనే జారతాయి. దారం అసలు తోయలేదు కాబట్టి వెనక్కి రానవసరం లేని చోటే అది పనికొస్తుంది. రెండు పేజీల మధ్య వేలాడే సీతాకోకచిలుక అలాంటిది.

దాచిన బిగువుతో పనిచేసే కార్డులకు వయసు ఒక సమస్య. కాగితపు స్ప్రింగు నెలల తరబడి అణిగి ఉంటే ఆ రూపానికే అలవాటుపడి, తెరిచినా పైకి లేవదు. రబ్బరు బ్యాండు కాలం గడిస్తే ఎండి తెగుతుంది. పుట్టినరోజుకి రెండు రోజుల ముందు ఇచ్చే కార్డుకి ఇది లెక్కలోకి రాదు. పదేళ్లు దాచుకునే కార్డుకి వస్తుంది.

కాగితానికీ ఒక దిశ ఉంటుంది

కొలతలన్నీ సరిపోయినా మడత పగిలినట్టు, చీలినట్టు కనిపిస్తే చూడాల్సింది గ్రెయిన్, అంటే కాగితంలో పీచులు పరుచుకున్న దిశ. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు పీచులు ఎక్కువగా యంత్రం నడిచే దిశలోనే పరుచుకుంటాయి. ఆ దిశకు సమాంతరంగా మడిస్తే గీత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పీచులు విరిగి అంచు గరుకుగా లేస్తుంది. దిశ తెలుసుకోవడానికి కాగితాన్ని మడవకుండా ఒకసారి పొడవుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూస్తే చాలు. ఏ వైపు తక్కువ ఎదురొస్తుందో ఆ మడతే గ్రెయిన్‌కు సమాంతరం. తేమ తగిలితే కాగితం గ్రెయిన్‌కు అడ్డంగా ఎక్కువ సాగుతుంది. నీళ్ల జిగురు వాడాక కార్డు విల్లులా వంగడానికి కారణం ఇదే.

మందం దగ్గర ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, ఎంత దళసరి అయితే అంత గట్టి అని. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) మామూలు ప్రింటింగ్ కాగితం నిలబడదు, నిజమే. 160 నుంచి 250 మధ్య కార్డు కాగితం చాలా పాప్-అప్‌లకు సరిపోతుంది. అంతకు మించితే మడతలే ఎదురు తిరుగుతాయి. 250 జీఎస్ఎం కాగితం దాదాపు 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకే చోట పది పొరలు పడితే 3 మిల్లీమీటర్లు, అది కార్డును నోరు తెరిపించి ఉంచుతుంది. మడవడానికి ముందు గీతను మొద్దు మొనతో నొక్కడం, అచ్చుపనిలో క్రీజింగ్ అనేది, దళసరి కాగితానికి తప్పదు. సిరా అయిపోయిన బాల్‌పెన్ దీనికి బాగా పనికొస్తుంది.

అంటించడంలో పాతవాళ్ల పద్ధతి ఒకటి ఈ వ్యాసం మొత్తానికి అద్దం లాంటిది. ముక్క ఒక పట్టీని ఒక పేజీకి అంటిస్తారు. ముక్కను అది పడుకోవాల్సిన విధంగా మడిచి, రెండో పట్టీకి జిగురు రాసి, కార్డు మూసేస్తారు. ఎక్కడ అంటుకోవాలో స్కేలు చెప్పదు, మూసుకున్న కార్డే చెబుతుంది. నడిమి మడత దగ్గర మొన సరిగ్గా పెడితే చాలు, రెండో వైపు కోణం దానంతటదే మొదటిదానికి సమానంగా పడుతుంది.

ఒకే కాగితమా, అతికిన ముక్కలా?

చేసేవాళ్ల మధ్య ఎప్పుడూ నడిచే చర్చ ఇది. 1980ల మొదట్లో జపాన్ ఆర్కిటెక్ట్ మసాహిరో చతానీ ఒకే కాగితాన్ని కోసి మడిచి భవనాలు నిలబెట్టే ఒరిగామిక్ ఆర్కిటెక్చర్‌ను వ్యాప్తిలోకి తెచ్చాడు. జిగురు లేదు, అదనపు ముక్క లేదు. ఈ దారి ఇష్టపడేవాళ్ల వాదన బలమైనదే: ఒకే కాగితంలోంచి వచ్చింది కాబట్టి అది కచ్చితంగా చదునుగా మూసుకుంటుంది, మడతలు సరిగ్గా పడితే తప్పు జరిగే చోటే లేదు. దాని హద్దు కూడా అక్కడే ఉంది. బొమ్మ లేచిన చోట వెనక కన్నం మిగులుతుంది. పేజీలో లేనంత కాగితాన్ని బొమ్మకు ఇవ్వలేం. రంగు మార్చలేం. ఎక్కువగా తొంభై డిగ్రీల కార్డులకే అది సరిపోతుంది. ముక్కలు అతికే పద్ధతిలో ఈ ఇబ్బందులు ఉండవు, ప్రతి అతుకు దగ్గరా తప్పుకి అవకాశం ఉంటుంది.

కత్తిరింపు మెషీన్ల మీద చర్చ ఇంకొంచెం వేడిగా ఉంటుంది. కంప్యూటర్‌లో గీసింది మెషీన్ కోసి ఇస్తే అది చేత్తో చేసిన కార్డేనా? యాభై కార్డులు చేసేవాళ్లకు, చేతులు వణికేవాళ్లకు, జల్లెడలాంటి సన్నటి డిజైన్లు కోసేవాళ్లకు మెషీన్ లేకుండా కుదరదు. చేత్తో కోసేవాళ్లు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది. కత్తి కాగితంలో దిగేటప్పుడు గ్రెయిన్ ఎటుందో వేళ్లకు తెలుస్తుంది, గాటు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. నా ఉద్దేశంలో కత్తి ఎవరు పట్టారన్నది చిన్న విషయం. తెల్లకాగితంతో, పెన్సిలు గీతలతో, ఒక చిత్తు కార్డు ముందు చేసి మూసి చూశారా లేదా అన్నదే తేడా తెస్తుంది. మూసిన ఆ చిత్తు కార్డు అంచున ఎక్కడైనా కాగితం కనిపిస్తే, కనిపించినంత మేర పెన్సిలుతో గీసి కత్తిరించేస్తారు. తర్వాత దాన్ని విప్పి పరిస్తే అసలు కార్డుకు కావలసిన కొలతలన్నీ అందులోనే ఉంటాయి.